కొత్త అల్యూమినియం వాల్వ్ కవర్లు వేశాక పాతవాటికంటే ఎక్కువ కారుతోంది (1971 బీటిల్, 1776 ఇంజిను)

శాక్రమెంటో_బీటిల్
కారు 1971 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. అసలు 1600 సీసీ డ్యూయల్ పోర్టు (ఒక్కో హెడ్డుకు రెండు గాలి దారులున్న) ఇంజిను. మూడేళ్ళ క్రితం కేసు (ఇంజిను పెట్టె), హెడ్లు బోరు చేయించి 90.5 మిల్లీమీటర్ల పిస్టన్లతో 1776 సీసీ చేయించాను. రెండు కార్బ్యురేటర్లు, కొంచెం పెద్ద క్యాము (వాల్వుల కదలికను నడిపే కడ్డీ), 1.25 నిష్పత్తి రాకర్లు (ఆ కదలికను వాల్వులకు అందించే మీటలు) ఉన్నాయి. ఇన్నాళ్ళూ కారుతో పుట్టిన రేకు వాల్వ్ కవర్లే (రాకర్లను కప్పే మూతలు) ఉండేవి. అంచున కొద్దిగా చెమ్మ తప్ప వాటితో ఏ బాధా లేదు.

పోయిన నెల బుద్ధి గడ్డి తిని, రెక్కలున్న పోత అల్యూమినియం కవర్లు కొన్నాను. తీగ క్లిప్పు తీసేసి బోల్టులతో బిగించే రకం. చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. రాత్రి కారు నిలిపితే పొద్దున్నకు రెండు వైపులా అరచేయంత మరక. హీటరు మీట లాగితే మిరపకాయ బజ్జీల బండి పక్కన నిలుచున్నట్లే నూనె వాసన. పైగా నిన్నటి నుంచి ఎడమవైపు టిక్ టిక్ మని సన్నని చప్పుడు. ఇంజిను పూర్తిగా చల్లారాక టాపెట్ల సందు (రాకరు కొనకు, వాల్వుకు మధ్య ఖాళీ) చూశాను, అన్నీ 0.15 మిల్లీమీటర్ల దగ్గరే ఉన్నాయి. బోల్టులు మూడుసార్లు బిగించాను. బిగించిన కొద్దీ ఎక్కువ కారుతోంది.

ఎక్కడ తప్పు చేశానో చెప్పండి. కారు గ్యారేజీలోంచి బయటికి నెట్టమని ఇంట్లో తీర్పు వచ్చేసింది.

కార్క్_బిరడా
పాత రేకు కవర్లు పారేయలేదు కదా? అవే మళ్ళీ వేయండి. చర్చ ముగిసింది.

నూనెచుక్క
మొదటి జవాబుకే ముగిస్తే మాకు ఆదివారం ఎలా గడుస్తుంది?

బుల్లెట్_బాబాయి
నాది పాత బుల్లెట్టు, మీ బీటిల్ సంగతి తెలియదు. కానీ నూనె కారుతోందంటే లోపల నూనె ఉన్నట్లే కదా. కారడం ఆగినప్పుడు భయపడాలి.

పాతకారు_పద్మ
బాబాయి గారూ, బీటిల్‌కు మొత్తం పట్టేదే రెండున్నర లీటర్లు. మీ సూత్రం నమ్ముకుంటే వారం తిరిగేసరికి భయపడే రోజు రానే వస్తుంది.

శాక్రమెంటో గారూ, కొన్ని సంగతులు చెప్పలేదు మీరు. రాకర్ల చివర టాపెట్ మరలు మామూలువా, ఏనుగు పాదం అని పిలిచే తిరుగుడు పాదం రకమా? కార్క్ ప్యాకింగు ఏ వైపు అంటించారు? కవరుకా, హెడ్డుకా, రెండింటికీనా?

శాక్రమెంటో_బీటిల్
ఏనుగు పాదాలే. ఇంజిను కట్టినప్పుడే వేయించాను. ప్యాకింగుకు రెండు వైపులా సిలికాన్ పూశాను, దండిగానే.

పాతకారు_పద్మ
దండిగా అన్నారు, అక్కడే గుండె జారింది.

వాల్వు_వాసు
సిలికాన్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. బిగించినప్పుడు బయటికి ఉబికిన పూసను తుడిచేస్తాం. లోపలికి కూడా అంతే ఉబుకుతుంది, దాన్ని తుడిచేవాళ్ళు లేరు. ఎండి, తెగి, తీగలు తీగలుగా నూనెలో తిరిగి చివరికి పంపు ముందున్న జల్లెడకు అంటుకుంటుంది. ఆ ఇంజినుకు పుట్టుకతో విడి ఫిల్టరు లేదు, జల్లెడ ఒక్కటే దిక్కు. మీరు తరువాత ఫిల్టరు పెట్టించుకున్నా అది పంపు దాటిన తరువాతే కదా. ఈసారి నూనె మార్చేటప్పుడు జల్లెడ విప్పి చూడండి.

ఆటోనగర్_లేతు
విజయవాడ ఆటోనగర్‌లో మాకు లేతు షెడ్డు ఉంది. బీటిల్ మా దగ్గరకు ఏ రెండేళ్ళకో ఒకటి వస్తుంది. కానీ టాపెట్ కవరు (మేమంతా అలాగే అంటాం) ఏ ఇంజినుదైనా కారే పద్ధతి ఒకటే.

ఆ తీగ క్లిప్పును చూసి చాలామంది నవ్వుతారు, ఇదేమిటి ఊరగాయ జాడీకి వేసినట్లు అని. నిజానికి అది స్ప్రింగు. కవరు నడి మధ్యన నొక్కి పట్టుకుంటుంది. కార్క్ వేడికి కుంగితే తీగ కూడా వెంట దిగి అదే ఒత్తిడితో పట్టుకుంటుంది. బోల్టుకు ఆ గుణం లేదు. ఈ రోజు బిగువుగా ఉంటుంది, కార్క్ నాలుగుసార్లు వేడెక్కి చల్లారాక వదులవుతుంది. మీరు మళ్ళీ బిగిస్తారు. అప్పుడు బోల్టు దగ్గర కార్క్ నలిగి బయటికి వస్తుంది, బోల్టుకు దూరంగా ఉన్న మూలలు పైకి లేస్తాయి. మీరు మూడుసార్లు బిగించానన్నారు, అంటే మూడుసార్లు మూలలు లేపారన్నమాట.

ఇంకొకటి. బోల్టు కవరును పొడుచుకుని లోపలికి వెళ్తుంది. ఆ రంధ్రం కూడా నూనెకు దారే. బోల్టు తల కింద ఓ-రింగు గానీ రాగి వాషరు గానీ ఉందా? ఉత్త ఇనుప వాషరు వేస్తే మర పొడుగునా పాకి వస్తుంది.

బోల్టు పొడవు కూడా చూడండి. మర చివర తగిలి ఆగిపోతే పానాకు బిగువు తెలుస్తుంది, కవరుకు మాత్రం తెలియదు.

నూనెచుక్క
ఊరగాయ జాడీ పోలిక బాగుంది. ఇక ఆ క్లిప్పును చూసినప్పుడల్లా అన్నం గుర్తొస్తుంది.

వాల్వు_వాసు
క్లిప్పును మరీ ఆకాశానికి ఎత్తకండి. నేను ఆస్టిన్‌లో ఉన్నప్పుడు క్రోము పూత వేసిన రేకు కవర్లు కొన్నాను. క్లిప్పు అసలుదే. ఆ క్రోము అద్దంలా నున్నగా ఉంటుందా, తీగ కూర్చునే గాడి పూతతో పూడిపోయి లోతు తగ్గిందా, హైవే మీద ఒక గతుకుకు క్లిప్పు జారిపోయింది. కవరు ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలియదు. డాష్‌బోర్డు మీద ఆయిలు హెచ్చరిక దీపం వెలిగిన వెంటనే ఆపాను కాబట్టి ఇంజిను బతికింది. వెనకాల వచ్చిన పెద్దాయన కారు ఆపి, మీ కారు రోడ్డుకు తారు వేస్తోంది అన్నాడు.

కార్క్_బిరడా
అది క్లిప్పు తప్పు కాదు, క్రోము తప్పు. నేను అసలు రేకు కవరుకు నల్ల రంగు వేసి, అసలు క్లిప్పు పెట్టి, పదకొండేళ్ళుగా నడుపుతున్నాను. కార్క్ ప్యాకింగు కవరు వైపు మాత్రమే జిగురుతో అంటిస్తాను. ఒక రాత్రి ఆరనిచ్చి, హెడ్డు వైపు వేలితో పలచగా గ్రీజు రాస్తాను. టాపెట్ సెట్టింగుకు ప్రతి 5,000 కిలోమీటర్లకూ విప్పాలి కదా, అప్పుడు చిరగకుండా ఊడివస్తుంది. అదే ప్యాకింగు రెండు మూడుసార్లు పనికివస్తుంది.

రెండు వైపులా సిలికాన్ పూసినవాళ్ళు తరువాతి సెట్టింగుకు ఉలి, సుత్తి పట్టుకుని కూర్చుంటారు.

శాక్రమెంటో_బీటిల్
పదకొండేళ్ళా! అసూయగా ఉంది.

లేతు గారూ, బోల్టు కింద ఇనుప వాషరే ఉంది. పెట్టెలో వచ్చిందే వేశాను.

కానీ నేను అందానికి మాత్రమే కొనలేదు. గట్టి పోత కాబట్టి రేకులా వంగదని, రెక్కల వల్ల నూనె చల్లబడుతుందని పెట్టె మీద రాసి ఉంది.

హెచ్_ప్లేటు
స్టుట్‌గార్ట్ నుంచి. వంగదన్న మాట కొంతవరకు నిజం. చల్లదనం మాట అమ్మేవాడి మాట. ఈ ఇంజినులో నూనెను చల్లబరిచేది ఫ్యాను గాలి, ఆయిల్ కూలరు. మీ 1971 మోడలుతోనే కూలరును ఫ్యాను పెట్టెలోని ప్రధాన గాలి దారిలోంచి పక్కకు జరిపి, దానికి విడిగా గాలి గూడు కట్టారు. అంతకుముందు మూడో సిలిండరుకు కూలరు అడ్డుపడి అదే ఎక్కువ వేడెక్కేది. నిజమైన మార్పు అంటే అది. వాల్వ్ కవరు కింద హెడ్డు పక్కన వేలాడుతుంది, ఫ్యాను గాలి అక్కడికి రాదు. లోపల నూనె చిమ్మి వెంటనే కేసులోకి తిరిగిపోతుంది. ఆ రెక్కలు నెమలి పింఛం లాంటివే.

ఇక్కడ రెండేళ్ళకోసారి కారు తనిఖీకి తీసుకెళ్ళాలి. కింద నూనె చుక్క కట్టి ఉంటే తనిఖీ చేసేవాడు ముఖం చిట్లిస్తాడు. అందుకే ముందు రోజు కడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను కాదు.

నూనెచుక్క
"నేను కాదు" అని విడిగా చెప్పారంటే అర్థమైంది.

పాతకారు_పద్మ
ఇక టిక్ టిక్ సంగతికి వద్దాం. అందరూ కారడం గురించే మాట్లాడుతున్నారు. నాకు చప్పుడే పెద్ద విషయం.

ఏనుగు పాదం మామూలు మర కొనకంటే మందం. అది వాల్వు తల మీద సరిగ్గా కూర్చోవాలంటే రాకర్ షాఫ్టు దిమ్మెల కింద పలచని రేకులు వేసి మొత్తం బయటికి జరుపుతారు. అంటే రాకర్లు, నట్లు అన్నీ కవరు వైపు జరిగినట్లే. మీ కట్టుబడిలో ఎంత జరిపారో మీ ఇంజిను కట్టినవారికి తెలియాలి.

చాలామంది ఇక్కడ పొరపడేది ఏమిటంటే, వాల్వు పూర్తిగా తెరిచినప్పుడే రాకరు కవరుకు తగులుతుందని అనుకుంటారు. బీటిల్‌లో టాపెట్ మర వాల్వు వైపే ఉంటుంది. వాల్వు తెరిచినప్పుడు ఆ మర లోపలికి వెళ్తుంది. వాల్వు మూసుకున్నప్పుడే దాని తోక, నట్టు కవరుకు అతి దగ్గరగా వస్తాయి. పుష్‌రాడ్ (క్యాము వైపు నుంచి రాకరును నెట్టే కడ్డీ) వైపు కొన దీనికి తలకిందులు, అది వాల్వు తెరిచినప్పుడు బయటికి వస్తుంది. పెద్ద క్యాము అయితే ఇంకా బయటికి. కాబట్టి రెండు చోట్లా రెండు వేర్వేరు సమయాల్లో తగలవచ్చు.

రేకు కవరు లోపల బోసిగా ఉంటుంది. పోత కవరు గోడ మందం, లోపల అడ్డపట్టీలు కూడా ఉండవచ్చు. బయట కొలత ఒకటే అయినా లోపల చోటు తక్కువ.

విప్పి, కవరు లోపల మెరిసే గీత ఏదైనా ఉందేమో చూడండి.

శాక్రమెంటో_బీటిల్
మీరు చెప్పిన తరువాత భయం వేసి ఇప్పుడే ఎడమ కవరు విప్పాను. (సిలికాన్, ఉలి, సుత్తి. కార్క్_బిరడా గారి శాపం ఫలించింది.)

ఉంది. అడ్డపట్టీ మీద చిన్న గింజంత మెరుపు. మూడో సిలిండరు ఎగ్జాస్టు వాల్వు మర తోకకు ఎదురుగా.

పాతకారు_పద్మ
నడపకండి. తగిలిన ప్రతిసారీ దెబ్బ మర మీద, రాకరు మీద పడుతుంది. అల్యూమినియం పొడి నూనెలో కలుస్తుంది.

కొలవాలంటే పిల్లలు ఆడుకునే రంగు మట్టి చాలు. పట్టీల మీద వేలి మందాన అద్ది, దానికి కాస్త నూనె రాసి, కొత్త ప్యాకింగుతో సహా కవరు బిగించి, ఇంజినును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. క్యాము ఒక్క చుట్టు తిరగడానికి క్రాంకు రెండు చుట్లు తిరగాలి, మరిచిపోకండి. విప్పి, మట్టి ఎక్కడ అతి పలచగా ఉందో అక్కడ కోసి కొలవండి. చల్లని ఇంజినులో కనీసం ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటేనే నేను నిద్రపోతాను. ఇది నా లెక్క, పుస్తకంలోది కాదు.

బుల్లెట్_బాబాయి
మా మనవడి దగ్గర ఆ మట్టి ఆరు రంగుల్లో ఉంది. ఏ రంగు వాడాలి?

పాతకారు_పద్మ
మనవడికి ఇష్టం లేని రంగు, బాబాయి గారూ.

ఆటోనగర్_లేతు
పద్మ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరి. విప్పారు కాబట్టి అదే ఊపులో కవరు అంచు చదునుగా ఉందో లేదో చూడండి. దళసరి అద్దం ముక్క మీద 320 నంబరు ఎమరీ కాగితం పరిచి, కవరు బోర్లించి, ఎనిమిది అంకె వేసినట్లు పదిసార్లు రుద్దండి. అంచు అంతా ఒకేలా తెల్లబడితే మంచిది. ఎక్కడైనా పాత రంగు అలాగే మిగిలితే అక్కడ పల్లం. పోత అంటేనే వంగదు అనుకోకండి, చల్లారేటప్పుడే వంగి పుట్టే పోతలు మా షెడ్డుకు రోజూ వస్తాయి.

కార్క్_బిరడా
ఇంత పని చేసే బదులు...

నూనెచుక్క
చెప్పకండి, మాకు తెలుసు. రేకు కవర్లు.

హెచ్_ప్లేటు
ఒక సందేహం మిగిలింది. చప్పుడు ఎడమవైపే, నూనె రెండు వైపులా. కవరు సరిగా కూర్చోలేదు సరే, కానీ ఒక్కసారిగా అరచేయంత మరక అంటే లోపలి నుంచి ఏదో నెడుతున్నట్లు ఉంది. పిస్టన్ రింగుల పక్కనుంచి జారే గ్యాసు ఎంత మంచి ఇంజినులోనైనా కొంత కేసులోకి వస్తుంది. అది బ్రీదరు గొట్టం ద్వారా ఎయిర్ క్లీనరులోకి పోవాలి. మీరు రెండు కార్బ్యురేటర్లు పెట్టినప్పుడు అసలు ఎయిర్ క్లీనరు తీసేసి ఉంటారు. మరి ఆ గొట్టం ఇప్పుడు ఎక్కడికి వెళ్తోంది?

శాక్రమెంటో_బీటిల్
ఎక్కడికీ వెళ్ళడం లేదు. నూనె పోసే గొట్టం కూడా అప్పుడే అల్యూమినియంది మార్చాను, దానికి ఒకే ఒక్క ముక్కు ఉంది. ఇన్నాళ్ళూ దానికి తగిలించిన రబ్బరు గొట్టం ఇంజిను పక్కన ఊరికే వేలాడుతుండేది. పొగ వాసన వస్తోందని...

ఎలా చెప్పాలో తెలియడం లేదు. కొత్త కవర్లు వేసిన రోజే దానికి ఒక బిరడా పెట్టాను.

వాల్వు_వాసు
అయ్యో.

పాతకారు_పద్మ
అయ్యయ్యో.

ఆటోనగర్_లేతు
ప్రెషర్ కుక్కరుకు వెయిట్ పెట్టి, విజిల్ రాకుండా మేకు కొట్టినట్లు.

కార్క్_బిరడా
బిరడా అని నా పేరు పెట్టుకుని పదకొండేళ్ళుగా పరువుగా బతుకుతున్నాను. ఒక్కరోజులో తీసేశారు.

హెచ్_ప్లేటు
అదే అసలు దొంగ. కేసులో ఒత్తిడి పెరిగితే నూనె ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడి నుంచి వస్తుంది. మీ విషయంలో అది నలిగిన కార్క్, వాషరు రంధ్రాలు. అవి గట్టిగా ఉండి ఉంటే పుష్‌రాడ్ గొట్టాల సీళ్ళ నుంచో, క్రాంకు పుల్లీ వెనక నుంచో వచ్చేది.

ఒక చిన్న బ్రీదరు డబ్బా కొని ఇంజిను గదిలో ఎత్తున బిగించండి. గొట్టం దారి పొడుగునా పైకే ఎక్కాలి, మధ్యలో ఉయ్యాలలా వేలాడితే ఆ వంపులో నూనె చేరి మళ్ళీ బిరడా అవుతుంది. కొందరు వాల్వ్ కవర్లకు కూడా ముక్కులు పెట్టి అదే డబ్బాకు కలుపుతారు. పందేలకు వెళ్ళే ఇంజినుకు అది అవసరం. రోడ్డు మీద తిరిగే 1776కు నూనె గొట్టం దగ్గరి బ్రీదరు సరిపోతుందని నా అనుభవం.

వాల్వు_వాసు
చివరి మాటతో ఏకీభవించను. నాది 1641, 87 పిస్టన్లు. సిలిండరు గోడ పలచన, రింగులు ఎన్నడూ సరిగా కూర్చోలేదు. రెండు కవర్లకూ ముక్కులు పెట్టాకే కారడం ఆగింది.

హెచ్_ప్లేటు
రింగులు కూర్చోని ఇంజినుకు మీరు ముక్కులు పెట్టారు. రోగం ఒకచోట, కట్టు ఇంకొకచోట.

వాల్వు_వాసు
కట్టు కట్టి ఆరేళ్ళయింది, రోగి ఇంకా నడుస్తూనే ఉన్నాడు.

శాక్రమెంటో_బీటిల్
రెండు వారాల తరువాత రాస్తున్నాను. మధ్యలో జవాబు ఇవ్వనందుకు మన్నించండి.

బిరడా తీసి డబ్బా బిగించాను. కవర్లు రెండూ అద్దం మీద రుద్దితే కుడిదానికి ఒక మూల జుట్టు వెంట్రుకంత పల్లం తేలింది. అది పోయేదాకా రుద్దాను, భుజం ఇంకా నొప్పిగా ఉంది. బోల్టుల కింద ఓ-రింగులు వేశాను. కార్క్ కవరుకు అంటించి, హెడ్డు వైపు గ్రీజు రాశాను. బిగువు పొట్టి పానాతో రెండు వేళ్ళతో పట్టినంతే. జల్లెడ విప్పితే నిజంగానే సిలికాన్ తోకలు మూడు దొరికాయి. వాసు గారికి దండం.

మట్టి పరీక్షలో మిగతావన్నీ రెండు మిల్లీమీటర్ల పైనే వచ్చాయి. మూడో ఎగ్జాస్టు దగ్గర మట్టి మొత్తం తెగిపోయింది. అక్కడి అడ్డపట్టీని ఆకురాయితో మూడు మిల్లీమీటర్లు అరగదీసి, కడిగి, మళ్ళీ కొలిచాను. రెండు పైనే ఉంది. చప్పుడు పోయింది.

ఆటోనగర్_లేతు
పట్టీ మాత్రమే అరగదీశారు కదా, గోడ జోలికి పోలేదు కదా? పోత గోడ పలచబడితే సన్నని చిల్లుల్లోంచి నూనె చెమర్చుతుంది.

శాక్రమెంటో_బీటిల్
పట్టీ మాత్రమే. లోపల దీపం పెట్టి బయట నుంచి చూశాను, వెలుతురు రాలేదు.

పాతకారు_పద్మ
నేనైతే ఎడమవైపు రేకు కవరే వేసేదాన్ని. కానీ మట్టి కొలత వచ్చింది కాబట్టి ఒప్పుకుంటున్నాను. వెయ్యి కిలోమీటర్ల తరువాత మళ్ళీ విప్పి, మెరుపు వచ్చిందేమో చూసి ఇక్కడ రాయండి.

కార్క్_బిరడా
ఇప్పుడు అసలు కారడం లేదా? నిజం చెప్పండి.

శాక్రమెంటో_బీటిల్
ఎడమవైపు పూర్తిగా పొడి. కుడివైపు రాత్రికి ఒక్క చుక్క. కింద కడిగి, ఆరాక పిల్లల పౌడరు చల్లి పది నిమిషాలు నడిపి చూశాను. తడి దారి కవరు నుంచి కాదు, రెండో సిలిండరు పుష్‌రాడ్ గొట్టం చివర నుంచి మొదలవుతోంది. బిరడా పెట్టిన రోజుల్లో ఆ సీలు కూడా తన్నుకుని ఉంటుంది.

బుల్లెట్_బాబాయి
ఒక్క చుక్క అంటే లోపల నూనె ఉన్నట్లే.

నూనెచుక్క
నా పేరు నిలబెట్టారు. ఇంతకీ గ్యారేజీ తీర్పు ఏమైంది?

శాక్రమెంటో_బీటిల్
కింద అట్టముక్క వేసుకుని లోపలే నిలుపుకోమన్నారు. చుక్క అట్ట దాటితే పాత తీర్పే అమలవుతుందట.

కార్క్_బిరడా
ఆ పాత రేకు కవర్లు అమ్మే ఉద్దేశం ఉంటే చెప్పండి. తపాలా ఖర్చు నాదే.

శాక్రమెంటో_బీటిల్
అమ్మను. నల్ల రంగు వేసి ఆరబెట్టాను.